పిల్లల పళ్లు, తల్లుల తిండి

(అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆరోగ్య కార్యకర్తలు, మహిళా సంఘాల సభ్యులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల పళ్ల గురించి మాట్లాడతానన్నప్పుడు నిర్వాహకుల్లో కొందరు మొహమొహాలు చూసుకున్నారు. కూలిరేట్లు, భూమి, ఇంట్లో హింస, ఇన్ని సమస్యలుండగా పుప్పిపళ్లా అని వాళ్ల సందేహం. మనలో చాలామందికి ఆ సందేహం ఉంటుంది. పళ్లనగానే గుర్తొచ్చేది బ్రష్షు, పేస్టు, టీవీలో తెల్లకోటు వేసుకున్న మనిషి. అంటే ఇదొక అలవాటుకు సంబంధించిన విషయం, ఇంటి లోపలి విషయం, తల్లి చూసుకోవాల్సిన విషయం. ఆడవాళ్ల మీద పడేసిన పనులన్నిటికీ మొదట ఇలాంటి పేరే పెడతారు కాబట్టి ఆ పేరునే కాస్త అనుమానంగా చూద్దామని నా ఉద్దేశం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో నోటి ఆరోగ్యం మీద వేసిన నివేదిక ప్రకారం పాలపళ్లు పుచ్చిన పిల్లలు ప్రపంచంలో 51 కోట్లకు పైనే. మన దేశంలో డెంటల్ కౌన్సిల్ 2002-03లో జరిపిన జాతీయ సర్వేలో 5 ఏళ్ల పిల్లల్లో సగానికి పైగా పుప్పిపళ్లున్నాయని తేలింది. సగం మంది పిల్లలకు ఉన్న జబ్బును ఒక్కొక్క తల్లి నిర్లక్ష్యంతో వివరించడం ఎలా కుదురుతుంది? సమాజ శాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ముందు తట్టే ప్రశ్న ఇదే.

ముందు పన్ను ఎలా తయారవుతుందో చూద్దాం. నేను దంతవైద్యురాలిని కాను. కానీ ఈ కాస్త శరీరశాస్త్రం తెలియకపోతే మనం అడగాల్సినవి సరిగా అడగలేం.

బిడ్డకు ఆరో నెలలో మొదటి పన్ను కనపడితే పళ్లు అప్పుడే మొదలయ్యాయనుకుంటాం. నిజానికి పాలపళ్లలో సున్నం చేరడం తల్లి కడుపులో నాలుగో నెలలోనే మొదలవుతుంది. పాలపళ్ల పైన ఉండే గట్టి పొర, ఎనామిల్, బిడ్డకు ఏడాది నిండేలోగా పూర్తయిపోతుంది. ఆరేళ్లకు వచ్చే మొదటి పెద్ద దవడపన్ను ఉంది చూడండి, దాని తయారీ బిడ్డ పుట్టే రోజుల్లో మొదలై దాదాపు మూడేళ్లకు ముగుస్తుంది. ముందరి శాశ్వత దంతాల పైపొర 4, 5 ఏళ్లకల్లా సిద్ధం. అంటే బడిలో చేరే వయసుకు ముందే, చిగురు లోపల ఎవరికీ కనపడకుండా, ఆ మనిషి నోటిలో జీవితాంతం ఉండాల్సిన ముఖ్యమైన పళ్ల నాణ్యత నిర్ణయమైపోయి ఉంటుంది.

ఇంకో సంగతి. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది. ఎనామిల్‌ను తయారుచేసే కణాలు మాత్రం పని పూర్తవగానే నశించిపోతాయి. తర్వాత ఎంత పాలు తాగించినా, ఎంత మంచి తిండి పెట్టినా అప్పుడు పడిన లోటు పూడదు. పోషణ లేకో, వారాల తరబడి విరేచనాలు పట్టుకునో బిడ్డ పెరుగుదల కుంటుపడితే ఆ రోజుల్లో తయారవుతున్న పొర పలచబడుతుంది. పన్ను మీద అడ్డంగా గీతగానో, గుంటగానో, సున్నపు మచ్చగానో అది మిగిలిపోతుంది. పుట్టిన రోజు కూడా పన్నులో గీతగా పడుతుంది, సూక్ష్మదర్శినిలో చూస్తే. ఆ పలచబడ్డ చోటే పుచ్చు త్వరగా దిగుతుంది.

గ్వాటెమాలా, పెరూ దేశాల్లో పేదపిల్లల మీద 1960ల చివరి నుంచి 1990ల దాకా జరిగిన పరిశోధనలు ఈ సంబంధాన్ని స్పష్టంగా చూపించాయి. మొదటి ఏడాదిలో తిండిలేక చిక్కిన పిల్లలకు పాలపళ్లు ఆలస్యంగా వచ్చాయి, పుచ్చడం కూడా ఎక్కువైంది. ఆలస్యం మూలంగా ఒక చిత్రం జరుగుతుంది. ఒక వయసులో లెక్కపెడితే చిక్కిన పిల్లల నోట్లో పుచ్చుపళ్లు తక్కువగా కనిపించవచ్చు. పళ్లే రాలేదు మరి! పేదపిల్లల పళ్లు గట్టివి, ముతకతిండి తింటారు కదా అని మన ఊళ్లలో పెద్దమనుషులు అంటుంటారు. అందులో కొంత ఈ లెక్క మాయ.

ఈ సంబంధాన్ని మొదట ప్రయోగాలతో చూపించినవాళ్లలో ఒక స్త్రీ ఉంది, మే మెలన్బీ. ఇంగ్లండ్ శాస్త్రవేత్త. మొదటి ప్రపంచయుద్ధం ముగిసే రోజుల్లో ఆమె భర్త ఎడ్వర్డ్ కుక్కపిల్లల్లో రికెట్స్ జబ్బు తిండిలోని లోపం వల్ల వస్తుందని రుజువు చేశాడు. అదే తిండిలోపం పళ్ల నిర్మాణాన్ని ఎలా పాడుచేస్తుందో పట్టుకున్నది ఆమె. తర్వాత 1920లు, 30లలో పిల్లల మీద ఆ పని కొనసాగించింది. విటమిన్ డి, సున్నం చాలని పిల్లల పళ్లు గరుకుగా, బలహీనంగా తయారవుతాయని పుస్తకాలకెక్కించింది. ఆమె చదివింది కేంబ్రిడ్జిలోని గిర్టన్ కాలేజీలో. ఆ విశ్వవిద్యాలయం ఆడవాళ్లకు పూర్తి డిగ్రీలివ్వడానికి 1948లో గానీ ఒప్పుకోలేదు. రికెట్స్ మాట వచ్చినప్పుడు భర్త పేరు అందరూ చెబుతారు. పళ్ల మాట వచ్చినప్పుడు ఆమె పేరు చెప్పేవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. పాలపన్ను తల్లి కడుపులో తయారవుతుందంటే ఆ తల్లి ఎవరని అడగాలి. 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చూడండి. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండా పెళ్లయినవాళ్లు ఆంధ్రలో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. అంటే తన ఎముకలే ఇంకా గట్టిపడని పిల్ల ఇంకో బిడ్డ ఎముకలకు, పళ్లకు సున్నం అందించాలి. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన చారు, మెతుకులు ఆమె వాటా. నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టిన పిల్లల్లో ఎనామిల్ లోపాలు ఎక్కువని వైద్యులు ఎప్పుడో చెప్పారు. కెనడాలోని విన్నిపెగ్‌లో, ఎక్కువగా ఆదివాసీ తల్లులున్న ఒక అధ్యయనం 2014లో వచ్చింది. గర్భంతో ఉన్నప్పుడు విటమిన్ డి తక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో పళ్లు పుచ్చడం ఎక్కువగా కనిపించింది. ఆదివాసీ స్త్రీల మాట అక్కడైనా ఇక్కడైనా ఒకటే!

ఇక పుట్టిన పిల్లల సంగతి. అదే సర్వేలో 5 ఏళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రలో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. రక్తహీనత 63 శాతం, 70 శాతం. మనం బరువు చూస్తాం, ఎత్తు చూస్తాం, జబ్బకు టేపు చుడతాం. నోరు తెరిపించి చూడం. ఒకప్పుడు పోషకాహార సర్వేలు చేసేవాళ్లు నోటి మూలలు పగిలాయా, నాలుక పూసిందా అని చూసి బి విటమిన్ల లోటును కనిపెట్టేవాళ్లు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ అలాంటి సర్వేలకు పెట్టింది పేరు. నోరు మన కంటికి అందే చోటనే ఉంది, దీపం కూడా అక్కర్లేదు.

తిండిలేమి పళ్లకు చేసే రెండో అన్యాయం లాలాజలంలో ఉంది. ఉమ్మి పళ్లను కడుగుతుంది, పులుపును విరుస్తుంది, సున్నాన్ని తిరిగి అందిస్తుంది. మాంసకృత్తులు, శక్తి చాలని పిల్లల్లో ఉమ్మి తగ్గుతుంది, దాని కాపుగాసే గుణమూ తగ్గుతుంది. స్వీడన్ పరిశోధకులు మన దేశపు పిల్లల్నే పరీక్షించి 1990లలో ఈ సంగతి ప్రకటించారు. కాబట్టి ఒకే బిస్కెట్టు ఇద్దరు పిల్లలు తిన్నా చిక్కిన పిల్లకు జరిగే నష్టం ఎక్కువ.

చక్కెర గురించి మనకు ఖచ్చితంగా తెలిసిన దాంట్లో కొంత ఎలా తెలిసిందో కూడా హక్కుల పత్రికలో ఒకసారి నమోదు కావాలి. స్వీడన్‌లోనే లుండ్ దగ్గర విపెహోల్మ్ అనే ఆస్పత్రిలో 1945 తర్వాత కొన్నేళ్లపాటు బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు భోజనాల మధ్యలో పళ్లకు అంటుకునే టాఫీలు తినిపించి ఎవరి పళ్లు ఎంత పుచ్చాయో లెక్కపెట్టారు. చాలామంది పళ్లు పాడయ్యాయి. ఒప్పుకుంటున్నామని గానీ కాదని గానీ చెప్పగలిగిన మనుషులు కారు వాళ్లు. ఎంత చక్కెర తిన్నామన్నది ఒకటే కాదు, ఎన్నిసార్లు, ఎంత అంటుకునే రూపంలో తిన్నామన్నది ముఖ్యమని అక్కడ తేలింది. ఆ ఫలితాన్ని ఇప్పటికీ అందరం వాడుకుంటున్నాం.

అయితే పేదపిల్ల నోట్లోకి రోజుకు నాలుగుసార్లు తీపి ఎందుకు వస్తోంది? తల్లికి తెలియక అని డాక్టర్లంటారు. ఆరోగ్య విద్య కావాలని మన స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టు రిపోర్టులు కూడా అదే రాస్తాయి. పత్తి ఏరడానికి పొద్దున్నే పోయిన తల్లి సాయంత్రానికి గానీ రాదు. చంటిపిల్ల తొమ్మిదేళ్ల అక్క చంకలో ఉంటుంది. ఏడిస్తే ఆ అక్క దగ్గర ఉన్నవి రెండే, టీ గ్లాసు, 5 రూపాయల బిస్కెట్ ప్యాకెట్. పప్పు ఉడకబెట్టడానికి గంట కావాలి, పొయ్యి కావాలి, పెద్ద మనిషి కావాలి. బిస్కెట్టుకు ఏమీ అక్కర్లేదు. పట్నంలో నాలుగిళ్లలో పాచిపని చేసే ఆమెకూ ఇదే వరస. రాత్రి పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెడితే పళ్లు పుచ్చుతాయన్న మాట నిజమే, తప్పకుండా చెప్పాల్సిందే. ఆ సీసా ఎందుకొచ్చిందన్నది కూడా దాంతోపాటే చెప్పాలి. 50 మంది పనిచేసే సంస్థల్లో పిల్లల్ని చూసుకునే కేంద్రం ఉండాలని 2017లో ప్రసూతి చట్టానికి సవరణ తెచ్చారు. ఏ చేలో 50 మందికి హాజరుపట్టీ ఉంది? నాలుగిళ్ల పనిమనిషికి ఏ ఇల్లు సంస్థ? ఇంకో ముచ్చట: 2025 సెప్టెంబరులో జి.ఎస్.టి. తగ్గించినప్పుడు టూత్‌పేస్టు, బ్రష్షుల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. సంతోషం. బిస్కెట్టు, చాక్లెట్టు కూడా అదే రోజు అంతే దిగాయి.

ప్రభుత్వం పెట్టే తిండి సంగతి కూడా మాట్లాడాలి. ఇది మన అంగన్‌వాడీ చెల్లెళ్లకు కొంచెం ఇబ్బందిగా ఉండొచ్చు, వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన బాలామృతం పొడి, మొదట ప్రకటించిన పాళ్ల ప్రకారం, 100 గ్రాములకు గోధుమ 55, శనగపప్పు 5, పాలపొడి 10, నూనె 10, చక్కెర 20 గ్రాములు. 20 గ్రాముల చక్కెర అంటే 80 కేలరీలు, ఆ పొడిలో ఉన్న మొత్తం శక్తిలో దాదాపు ఐదో వంతు. రోజు మొత్తం తిండిలో విడిగా కలిపిన చక్కెర నుంచి వచ్చే శక్తి పదో వంతు మించకూడదని, వీలైతే ఇరవయ్యో వంతుకు దించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఏడు నెలల బిడ్డకు ఉగ్గుతో పాటు తీపి నాలుక అలవాటు చేస్తున్నది రాజ్యమే అన్నమాట. ఆంధ్రలో బడిపిల్లలకు 2020 నుంచి వేరుశనగ చిక్కీ పెట్టారు. వేరుశనగ మంచిది, బెల్లంలో కొంత ఇనుము ఉంటుంది, అయినా పళ్ల సందుల్లో అతుక్కునే పదార్థాల్లో చిక్కీని మించింది తక్కువ.

ఇలా అన్నానని బాలామృతం ఆపేయమని ఎవరూ అడగవద్దు. చిక్కిన బిడ్డకు శక్తి కావాలి, ఉన్న ప్యాకెట్టు పోతే వచ్చేది ఖాళీ. చక్కెర తగ్గించి ఆ పాలు పప్పుకు, పాలపొడికి, రాగికి, నువ్వులకు ఇమ్మని అడగాలి. చిక్కీని భోజనంతో పాటే తినిపించి, వెంటనే నీళ్లతో నోరు పుక్కిలించమనడం ఏ జీవోతోనూ పనిలేకుండా రేపే చేయొచ్చు. గుడ్డు విషయంలో మన రెండు రాష్ట్రాలూ చాలా రాష్ట్రాలకన్నా నయం. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టే ప్రతిపాదనను తోసిపుచ్చాడు. ఎవరి ఆచారం ఎవరి పిల్లల కంచంలో అమలవుతుందో ఆ ఒక్క సంఘటనలో అర్థమైంది. తెలంగాణలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణీలకు, బాలింతలకు కేంద్రంలోనే అన్నం, పప్పు, గుడ్డు, 200 మి.లీ. పాలు పెట్టడం మొదలైంది. పళ్ల దృష్టితో చూస్తే ఈ పథకం బ్రష్షుల పంపిణీకన్నా ఎన్నో రెట్లు ముఖ్యం. ఆ పాలగ్లాసు పుట్టబోయే బిడ్డ పన్నులోకి పోతుంది.

పన్ను పుచ్చాక కథ వెనక్కి తిరుగుతుంది. దవడపన్ను నొప్పి పుట్టిన బిడ్డ గట్టిది నమలదు. ముందు వదిలేసేది పప్పు, ఆకుకూర, వేరుశనగ. మెత్తగా మింగగలిగేది టీలో ముంచిన బన్ను, బిస్కెట్టు. రాత్రి నిద్ర ఉండదు, చీము పడితే జ్వరం. చిక్కిన బిడ్డ ఇంకా చిక్కుతుంది. పాలపళ్లే కదా, ఎటూ ఊడిపోతాయి అని ఇంట్లో అంటారు, కొన్ని ఆస్పత్రుల్లో కూడా అంటారు. వెనక పాలపళ్లు 10, 12 ఏళ్ల దాకా ఉండాలి. మూడేళ్లకు నొప్పి మొదలైతే మిగిలినన్నేళ్లు ఆ పిల్ల ఎలా తినాలి? పన్నులో పురుగు తీస్తామనే వాళ్ల దగ్గరికి పోవడాన్ని మూఢనమ్మకం అనడం తేలిక. ఆ మనిషి వాడకే వస్తాడు. పళ్ల డాక్టరు కోసం పెద్ద ఆస్పత్రికి పోతే ఒకరోజు కూలి పోతుంది, పోయేది ఆడమనిషి కూలే.

నల్గొండ పేరు ఎత్తకుండా మన ప్రాంతంలో పళ్ల మాట పూర్తికాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి శాస్త్రీయ నివేదిక వచ్చింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. నల్గొండలో దొడ్డికాళ్లకు భిన్నంగా మోకాళ్లు లోపలికి ఒరిగి ఒకదానికొకటి తగిలే కొత్త వైకల్యాన్ని పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో ప్రకటించారు. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మి.గ్రా. దాటితే ప్రమాదం. పళ్లు తయారయ్యే మొదటి 8 ఏళ్లలో ఆ నీళ్లు తాగినవాళ్లకు గోధుమరంగు గారలు జీవితాంతం ఉంటాయి. ఇక్కడా తిండి పాత్ర ఉంది. పాలు, సున్నం బాగా అందే పిల్లల ఒంట్లోకి ఫ్లోరైడ్ తక్కువగా ఇంకుతుంది, అందనివాళ్ల ఒంట్లోకి ఎక్కువగా. ఒకే బోరు నీళ్లు తాగినా ఇళ్లను బట్టి వైకల్యం మారుతుంది. చింతపండు తిన్న బడిపిల్లల్లో ఒంట్లోని ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోయిందని అదే సంస్థ 2002లో ప్రకటించింది. చారును అంత తేలిగ్గా తీసిపారేయకండి.

గారపళ్ల బరువు మగపిల్లల మీద, ఆడపిల్లల మీద ఒకేలా పడలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే ఆడపిల్లలు, పెళ్లిచూపుల్లో నోరు విప్పని ఆడపిల్లలు, ఆ గారలకు వెలకట్టి అదనపు కట్నం అడిగిన సంబంధాలు, ఇవి ఆ జిల్లాలో పనిచేసిన మనందరికీ తెలుసు. 2016లో మిషన్ భగీరథ మొదలై నది నీళ్లు ఇళ్లకు వచ్చాయి. పుట్టే పిల్లలకు అది మేలే. అంతకు ముందు పళ్లు తయారైన ఆడపిల్లలు ఇప్పుడు తల్లులు, వాళ్ల చికిత్స ఎవరి పద్దులోనూ లేదు. పేస్టు గురించి కూడా ఇక్కడే చెబుతాను, మీరు ఎలాగూ అడుగుతారు. మామూలు నీళ్లున్న ఊళ్లలో ఫ్లోరైడ్ పేస్టు పుచ్చును ఆపుతుంది. మూడేళ్లలోపు బియ్యపుగింజంత, ఆరేళ్లలోపు బఠాణీ గింజంత చాలు, మింగకుండా ఉమ్మించాలి. ఫ్లోరైడ్ నీళ్లున్న ఊళ్లలో చిన్నపిల్లలకు డాక్టరును అడక్కుండా వాడొద్దు. ఇటుకపొడి, బొగ్గు ఎక్కడా వద్దు.

నోమా అనే జబ్బు ఒకటుంది. తిండిలేక చిక్కి, తట్టు లాంటి జబ్బు చేసిన పిల్లలకు చిగురులో పుండై కొద్దిరోజుల్లో బుగ్గంతా తినేస్తుంది. చికిత్స అందకపోతే నూటికి తొంభై మంది చనిపోతారు. ఇది ప్రధానంగా ఆఫ్రికా పేదదేశాల్లో ఉంది. 2023 డిసెంబరులో గానీ దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చలేదు. చిగుళ్ల నుంచి రక్తం కారే చిక్కిన బిడ్డ కనిపిస్తే జామకాయ పెట్టండి, ఆస్పత్రికీ పంపండి.

మనకు చేతిలో ఉన్నవేమిటి? సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఇచ్చిన ఉత్తర్వు బడిలో వండిన అన్నాన్ని హక్కు చేసింది. 2013 ఆహార భద్రతా చట్టం 6 నెలల నుంచి పిల్లల తిండిని, గర్భిణీల తిండిని చట్టంలోకి తెచ్చింది. అదే చట్టం ప్రసూతి సాయం 6,000 రూపాయలకు తగ్గకూడదంది. కేంద్ర పథకం మాత్రం మొదటి కాన్పుకు 5,000 ఇచ్చి, రెండో కాన్పుకు ఆడపిల్ల పుడితేనే 6,000 అంటుంది. ప్రతి కాన్పుకూ, కూలి మానుకుని బిడ్డకు పాలిచ్చేటంత సాయం అన్నది మన డిమాండు కావాలి. పళ్లకు సంబంధించిన డిమాండ్లలో నేను దీన్ని మొదట పెడతాను.

రెండోది 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. దీని వైద్యబృందం ఏడాదికి రెండుసార్లు ప్రతి అంగన్‌వాడీకి రావాలి. వాళ్లు చూడాల్సిన జబ్బుల పట్టికలో పళ్ల జబ్బులున్నాయి, ఉచితంగా చికిత్సకు పంపే బాధ్యతా ఉంది. చాలాచోట్ల బరువు చూసి సంతకం పెట్టించుకుని పోతారు. పైపెదవి ఎత్తి ముందరి నాలుగు పళ్లు చూడటానికి నిమిషం పట్టదు. చిగురు దగ్గర సున్నపు గీత కనపడితే పుచ్చు మొదలవుతున్నట్టు. ఆ దశలో ఆపొచ్చు.

ఈ పని కూడా అంగన్‌వాడీ కార్యకర్త నెత్తిన వేద్దామని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆంధ్రలో 2023 డిసెంబరు నుంచి 42 రోజులు వాళ్లు సమ్మె చేస్తే ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవ అని చట్టం పెట్టడానికి గుర్తొచ్చిన మనిషి జీతం దగ్గర స్వచ్ఛంద సేవకురాలైపోతుంది. పిల్లల నోళ్లు చూడాల్సింది జీతం తీసుకునే వైద్యబృందం. వాళ్లొచ్చారా లేదా అని అడగాల్సింది మన సంఘాలు.

మీ ఊళ్లో ఆ బృందం ఆఖరుసారి ఎప్పుడు వచ్చింది, పిల్లల నోరు తెరిపించి చూసిందా, చూస్తే ఎంతమందిని ఆస్పత్రికి పంపింది? చర్చ దీనితో మొదలుపెడదాం. ముందు ఏజెన్సీ మండలాల నుంచి వచ్చినవాళ్లు చెప్పండి.